తడిబట్టలూ, ఒకటే కొళాయి బ్యాండూ

ఏటి రాయీ, ఏటి రాయీ,
ఎవరి మురికి మోస్తున్నావు?
ఏటి నీరూ, ఏటి నీరూ,
ఎవరి బరువు తీస్తున్నావు?

నా చిన్నప్పుడు కొండ మీద మా ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలుతుకుతూ పాడిన పాట ఇది. తర్వాత ఇంకా ఉంది. ఉందని తెలుసు, రాగం నాలుక చివరనే ఉంది, మాటలే లేవు. లీమా నగరానికి దిగొచ్చి, బారియోస్ ఆల్తోస్ పేటలో ఇన్నేళ్ళు కాపురం చేశాక పాటలో సగమైనా మిగిలింది, అదే చాలనుకునేదాన్ని. తక్కిన సగం సబ్బు నురగతో పాటు కాలవలో పోయుంటుందిలే అని.

మా సందులో పొద్దు కొళాయి దగ్గర మొదలయ్యేది. పొడుగాటి ఇరుకు సందు, అటూ ఇటూ ఒంటి గదుల ఇళ్ళు, చిట్టచివర గోడకి ఒకే ఒక్క కొళాయి. తెల్లారేసరికే బకెట్లు వరసలో ఉండేవి. మనుషులు తర్వాత తీరిగ్గా వచ్చి ఎవరి బకెట్ వెనక వాళ్ళు నిలబడేవాళ్ళు. కాసేపు నీళ్ళొచ్చేవి. ఆపైన కొళాయి ముసలాడిలా దగ్గి ఊరుకునేది. దొరికిన నీళ్ళతో ఆడవాళ్ళం ఊళ్ళోవాళ్ళ బట్టలుతికేవాళ్ళం. సందులో చాలామందికి అదే బతుకుతెరువు.

నీళ్ళు దొరకడం ఒక తంటా, ఉతికినవి ఆరడం ఇంకో తంటా. లీమాలో వాన పడదు. పడినా బాగుండును, కురిసి వెలిసిపోయేది. జూన్ నెల రాగానే ఆకాశం గాడిద పొట్ట రంగుకి తిరిగి డాబాల మీదికి దిగిపోతుంది. కంటికి కనపడని తుంపర ఒకటి గాల్లో వేలాడుతుంటుంది. గొడుగు వేసుకునేంత ఉండదు, బట్ట ఆరనిచ్చేంత తగ్గదు. ఉతికిన దుప్పటి వారాల తరబడి తీగ మీద ఉండి ఉండి, ముక్కిపోయిన వాసనతో కిందికి దిగుతుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనిస్తే బుస్సుమంటుంది. దుప్పటిగలావిడ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మర్నాటి నుంచి ఇంకొకరికి వేస్తుంది.

మా అందరిలోకీ తెల్లగా ఉతికేది ఫెర్మీనా. మొగుడు చేపల పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, నేలిదా. దానికి నేను జ్ఞానస్నానపు తల్లిని, అందుకని ఫెర్మీనా నాకు అక్కైంది, నేలిదాకి నేను పిన్నినయ్యాను. సన్నగా రివటలా ఉండేది పిల్ల. నడుం దాకా జడ. గొంతు మాత్రం మనిషికి మించింది. సందు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర కొళాయి దగ్గర బకెట్లు మోగేవి.

పెర్సీ అని, చెప్పులు కుట్టే ఆయన కొడుకు ఒకడుండేవాడు. పాత రేడియో విప్పి దానికి గిటారు తగిలించి, పిల్లి తోక తొక్కినట్టు శబ్దం రప్పించేవాడు. అననియాస్ అని ఇంకొకడు. వాళ్ళ వంశమంతా చెక్కపెట్టె మీద కూర్చుని దరువు వేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు. వీడు మా రేకు తొట్టెలు బోర్లించి బాదుతుంటే వాళ్ళ నాయనమ్మ వీడితో మాటలు మానేసింది. ఈ ఇద్దరూ నేలిదాని కలుపుకుని మా డాబా మీద తడిబట్టల మధ్య పాటలు మొదలుపెట్టారు. ఇంగ్లీషు పాటలు. ముగ్గురికీ ఆ భాష ఒక్క ముక్క రాదు.

ఫెర్మీనా మెట్ల మీద నుంచే అడిగేది. "ఏమిటే ఆ పాటకి అర్థం?"

"తెలీదమ్మా."

"తెలీకుండానే అంత ఏడుపా?"

"అర్థం తెలిస్తే ఇంకా ఏడుస్తామేమో అత్తా," అనేవాడు అననియాస్.

వాళ్ళు పాడుతున్నంతసేపూ బట్టల నుంచి నీళ్ళు కారుతూనే ఉండేవి. కొన్ని పాటలకి ఎక్కువ కారేవి కూడా.

ఒకరోజు పొద్దున నేలిదా వంతు వచ్చేసరికి కొళాయి దగ్గింది. పిల్ల చాలాసేపు నిలబడ్డది ఆ వేళ. ముందరి పెద్దావిడ తన బిందె కాకుండా చెల్లెలి బిందె, మరదలి బిందె కూడా పట్టుకుపోయింది. నేలిదా ఖాళీ బకెట్టు పట్టుకుని నేరుగా డాబా ఎక్కింది. పెర్సీ గిటారు సరిచేసుకుంటున్నాడు. బకెట్టు నేలకేసి కొట్టి, నోటికొచ్చింది నోటికొచ్చినట్టు అరిచింది, మేం రోజూ మాట్లాడుకునే మాటల్లోనే.

ఒకటే కొళాయి, వీధంతా బకెట్లు,
ముందెవరూ? ముందెవరూ?
మంత్రిగారి పూలమొక్కకి దాహం తీరాకా
మిగిలితే మీరూ, మిగిలితే మీరూ!

పెర్సీ గిటారు దాని వెంట పరిగెత్తింది. అననియాస్ తొట్టెలు పగిలిపోయేలా బాదాడు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలేంతలో అయిపోయింది పాట. మేం నలుగురం ఆడవాళ్ళం తిట్టడానికే మెట్లెక్కాం. ఫెర్మీనా నోరు తెరవబోయి, చెయ్యి తగిలిన దుప్పటి అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. జనవరి ఎండ వాసన, మాకు నడివేసవి జనవరే. వెచ్చగా ఉంది. ఆమె దాన్ని తీగ మీద నుంచి తీసి, నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుంది.

"మళ్ళీ అదే పాడండి," అంది. "కంబళ్ళకి ఇంకా కాస్త తడుంది."

అలా మొదలైంది. మర్నాటి నుంచి సందులో తగువంతా ఎవరి తీగ ముందుండాలన్న దాని మీదే. గిటారుకి దగ్గరగా తెల్లబట్టలు, తొట్టెల పక్కన ఉన్నివి, పైటపూట పసిపిల్లల గుడ్డలు అని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పాటకి ఏది ఆరుతుందో మాకు తెలిసిపోయింది. ప్రేమ పాటలకి చేతిరుమాళ్ళు ఆరేవి, అంతే. బస్సు చార్జీల మీద కట్టిన పాటకి జంపఖానాలు కూడా ఆరేవి. ఇంగ్లీషుకి ఏమీ ఆరేవి కావు. దాంతో వాళ్ళు ఇంగ్లీషు వదిలేశారు. పాటలకి సరుకు మేమే ఇచ్చేవాళ్ళం. జీతం ఇచ్చేముందు జేబులు వెతికించే దొరసాని గురించి ఒకామె చెప్పింది. ఇంకొకామె తన అత్తగారి మీద పాట కట్టమంది. కట్టారు. ఉన్ని ప్యాంట్లు చిటికెలో ఆరాయి, అత్తగారు వారం రోజులు మెట్లెక్కలేదు.

బ్యాండు పేరు ఒకటే కొళాయి. బొగ్గుతో డాబా గోడ మీద పెద్ద పెద్దగా రాసింది నేలిదా, పాటల మాటలు కూడా అక్కడే రాసేది. నాకు అప్పటికి చదువు రాదు. బట్టలు తిరగేస్తూ అడిగేదాన్ని, ఆ విరిగిన బకెట్టు పిడిలా ఉన్నది ఏమిటే అని. ఈ నెత్తిన పొగ పెట్టుకున్నది ఏమిటే అని. అది చెప్పేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట కొళాయి. ఆ రోజంతా కనపడిన ప్రతి కొళాయినీ ఆగి చూశాను, దాని పేరు దానికి తెలుసా అన్నట్టు.

సముద్రం వైపు పెద్ద ఇళ్ళ పేట నుంచి పెర్సీ ఎరిగిన కుర్రాడొకడు వచ్చాడు. బయట దేశాల రికార్డులు గుట్టలుగా ఉన్నవాడు. ఇలా అరిచే పాటల్ని అక్కడ పంక్ అంటారని చెప్పి, మన భాష వాల్ట్జ్ నాట్యాల పాత పాటలకీ ప్రార్థనలకీ సరిపోతుంది గానీ దీనికి పనికిరాదురా అని నవ్వాడు. తుంపరలో నడిచొచ్చాడేమో, వాడి తోలు కోటు నీళ్ళోడుతోంది. ఫెర్మీనా దాన్ని అడక్కుండానే విప్పించి తీగకి వేసింది. రెండు పాటలయ్యాక తీసి తొడిగింది. వాడు భుజాలు తడుముకున్నాడు, చంకలు తడుముకున్నాడు. తర్వాతి వారం స్నేహితుల్ని వెంటేసుకొచ్చాడు. అందరూ కోట్లు తెచ్చుకున్నారు. మన మాటల్లో ఇలా అరిచిన మొదటి బ్యాండు ఇదేనని ఊరంతా చెప్పింది వాళ్ళే. మా సందులో మాత్రం బట్టలారే పాటలనే అనేవాళ్ళం.

మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయని మాలో ఒక్కరం అనుకోలేదు. ఎండకి ఆరిన నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎవరైనా అడుగుతారా? పైకి పోయుంటాయనుకున్నాం. పాట అయ్యాక నేలిదా జడ తడిగా ఉండేది. చెమటనుకున్నాం.

అక్టోబరులో లీమా ఊదారంగు కట్టుకుంటుంది. ప్రభువు పటం ఊరేగింపు వెనక నడవడానికి మొక్కుకున్నవాళ్ళంతా నెల పొడుగునా ఊదా అంగీలు వేసుకుంటారు. పేటలో ప్రతి ఇంటి అంగీ మా సందుకే వచ్చింది ఆ ఏడు. బట్టలు ఆరేది ఇక్కడేనని అందరికీ తెలిసిపోయిందిగా. డాబా కనపడలేదు, అంతా ఊదారంగే. రంగు కారి కాలవ కూడా ఊదాగా పారింది. నేలిదా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడింది. మధ్యమధ్య మోకాళ్ళు పట్టుకుని వంగి దగ్గేది. బొంగురుపోయిందని తేనె కలిపిన మూలికల నీళ్ళు తాగించాం. మళ్ళీ లేచి పాడేది. ఊరేగింపు నాటికి ఒక్క అంగీ తడిగా మిగల్లేదు. వీధిలో జనం మెరిసిపోతూ నడిచారు.

ఆ మర్నాడు పైటపూట ఫెర్మీనా గుమ్మంలో కూర్చుని కూతురి జడ విప్పింది. తడిగా ఉంటే రెండు చేతులతో పట్టుకుని, దుప్పటిని పిండినట్టే అలవాటుగా పిండింది. కింద తెల్ల పింగాణీ బేసిన్ ఉంది. అందులోకి నీళ్ళు ధారగా పడ్డాయి, ఊదారంగు నీళ్ళు.

ఫెర్మీనా బేసిన్ వైపు చూసింది. మళ్ళీ పిండింది. మళ్ళీ వచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"మొదటి నుంచీ అమ్మా. ఇదివరకు తెల్లగా వచ్చేవి."

"చెప్పవేం?"

"చెబితే పాడనివ్వవుగా."

ఫెర్మీనా లేచి, డాబా ఎక్కి, తీగలన్నీ ఒక్కొక్కటే విప్పి చుట్ట చుట్టి కిందికి తెచ్చింది. మా తీగలు కూడా. మెట్ల కింద మేమందరం నిలబడి ఉన్నాం. ఎవరి తడిబట్టలు వాళ్ళం చేతుల్లో పట్టుకుని ఇళ్ళలోకి పోయాం. కుర్చీల వీపుల మీద, మంచాల కోళ్ళ మీద వేసుకున్నాం. నెల తిరక్కుండా ఇస్త్రీపెట్టెలు మళ్ళీ బుసకొట్టాయి, బట్టలు వేసేవాళ్ళు తగ్గిపోయారు. దాని గురించి సందులో ఒక్క మాట లేవలేదు.

పాట ఆపితే నెమ్మదిస్తుందనుకున్నాం. నెమ్మదించలేదు. లోపలికి చేరిన నీళ్ళు లోపలే ఉండిపోయాయి. ఆసుపత్రి డాక్టరు మంచి మనిషి. వీపుకి చెవి ఆనించి చాలాసేపు విని, నీళ్ళ తొట్టి మీద చెవి పెట్టినట్టుందమ్మా అన్నాడు. సూదితో కొంత తీశాడు. సీసాలో రంగు చూసి కాగితం మీద రాసుకున్నాడు. రెండు రోజులకే మళ్ళీ నిండింది. పొడిగాలి ఉండే కొండ ఊరికి తీసుకెళ్ళి మంచి మందులు వాడించాలి, ఈ తేమలో ఉంటే వచ్చే చలికాలం చూడదని ఫెర్మీనాని పక్కకి పిలిచి చెప్పాడు. ఫెర్మీనా ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, చేతులు ఖాళీగా ఉంటే భయమేసిందేమో, ఉతికిన గుడ్డనే మళ్ళీ ఉతకడం మొదలుపెట్టింది.

నేలిదా పడుకోలేకపోయేది. పడుకుంటే నీళ్ళు గొంతు దాకా వచ్చేవి. గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం. మధ్యాహ్నాలు నేను దగ్గర కూర్చుని తల దువ్వేదాన్ని. ఒకనాడు దువ్వుతూ దువ్వుతూ నాకు తెలీకుండానే ఏటి పాట కూనిరాగం తీశాను. ఎవరి మురికి మోస్తున్నావు, ఎవరి బరువు తీస్తున్నావు.

"తర్వాతేంటి పిన్నీ?"

"తెలీదమ్మా."

"మర్చిపోయావా?"

అవునందామని నోరు తెరిచాను. కళ్ళ ముందు ఏరు కనపడింది. ఇన్నేళ్ళూ కనపడలేదు, అప్పుడు కనపడింది. ఇవతలి గట్టు మీద మా అమ్మ, మా పెద్దమ్మలు, వాళ్ళ పక్కన నేను. అవతలి గట్టున పక్క ఊరి ఆడవాళ్ళు, ఎర్ర శాలువాలు.

"మా గట్టు వాళ్ళం అడిగేవాళ్ళమే," అన్నాను. "జవాబు అవతలి గట్టు వాళ్ళు చెప్పేవాళ్ళు. ఏటి హోరులో వాళ్ళ మాటలు సరిగ్గా వినపడేవి కావు. అరుపే వినపడేది."

"అయితే నువ్వు మర్చిపోయింది ఏమీ లేదు. నీ దగ్గర ఉన్నదే అంత."

"అంతేనేమోనే."

నేలిదా దిండ్ల మీద ఇంకాస్త పైకి జరిగింది. ఊపిరి లోపల గలగలమంటోంది.

"నాకు అవతలి గట్టు లేదు పిన్నీ," అంది. "ఇన్నాళ్ళూ నేను పాడుతుంటే మీరందరూ బట్టలు చూసుకున్నారు."

తప్పు పడుతున్నట్టు అనలేదు. ఆకాశం మబ్బుగా ఉందన్నట్టు అంది.

మా పేటలో ఎవరికైనా జబ్బు చేస్తే పొయాదా పెడతాం. ఇరుగుపొరుగు కోళ్ళు తెచ్చి, మిరపకాయ ముద్ద పట్టించి, పెద్ద మూకుళ్ళలో వేయించి, ఉడకబెట్టిన బంగాళాదుంపలతో పళ్ళెం చేసి అమ్ముతాం. వచ్చిందంతా మందులకి. ఇష్టమున్నవాడూ లేనివాడూ పళ్ళెం కొనాల్సిందే. నేలిదా కోసం నవంబరులో ఒక ఆదివారం సందులోనే పెట్టాం. కోళ్ళు వేయించేది నేనూ ఇంకో ఇద్దరమూ. జీతం ఇచ్చేముందు జేబులు వెతికించే దొరసాని దగ్గర పనిచేసే ఆమె కూడా వచ్చింది. పెద్ద ఇళ్ళ పేట కుర్రాళ్ళు తోలు కోట్లతో వచ్చి గోడకి ఆనుకుని కోడి కాళ్ళు తిన్నారు. అననియాస్ నాయనమ్మ వచ్చి, మనవడితో మాట్లాడకుండానే, వాడి పళ్ళెంలో పెద్ద ముక్క వేసి వెళ్ళింది.

సంగీతం లేకపోతే పొయాదా కాదు. పెర్సీ, అననియాస్ కొళాయి పక్కన నిలబడి మాటల్లేని పాట ఏదో వాయిస్తున్నారు. నేలిదాని శాలువా చుట్టి గుమ్మంలో కూర్చోబెట్టాం. కాసేపు విన్నది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

ఫెర్మీనా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎక్కడికే?"

"పాడతానమ్మా."

"నోరు తెరిచావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"కాళ్ళతో పాడనులే," అంది నేలిదా.

గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ కొళాయి దగ్గరికి వెళ్ళింది. పెర్సీతో ఏదో చెప్పింది. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెప్పింది. వాడు గిటారు తీగ మీద ఒక్క దెబ్బ కొట్టి ఆపాడు. నేలిదా మా వైపు తిరిగి అడిగింది. మా ఊరి పాటే. మా అమ్మ పాడినట్టు కాదు, బకెట్టు నేలకేసి కొట్టిన రోజు పాడినట్టు.

ఏటి రాయీ, ఏటి రాయీ,
ఎవరి మురికి మోస్తున్నావు?

అడిగి ఆగింది. మూకుడులో నూనె చిటపట తప్ప చప్పుడు లేదు. మాకు ఏం చెయ్యాలో తెలీలేదు. పాటంటే వినేదనే మాకు తెలుసు. ఆ ఒక్క చరణానికే మా ఒంటి మీది తుంపర తడి పోయింది, నా భుజం మీది శాలువా పొడిబారడం నాకు తెలిసింది. అక్కడ నేలిదా జడ చివర నుంచి నేల మీదికి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు వచ్చింది. వంగిపోయింది. పెర్సీ పట్టుకోబోతే చెయ్యి విదిలించి, ఇంకోసారి అడిగింది. గొంతు సగమే వచ్చింది.

ఎవరి మురికి మోస్తున్నావు?

"ఊరందరిదీ!"

అరిచింది ఫెర్మీనా. జన్మలో పాట పాడి ఎరగదు ఆ మనిషి. జోలపాట కూడా నేనే పాడాను ఆ పిల్లకి. గరిటె పట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా అరిచింది. అరిచిన మరుక్షణం ఆమె చేతి మణికట్టు నుంచి నీళ్ళు కారాయి. కాస్తే, ఒక గరిటెడు. ఊదారంగు. మోచేతి మీదుగా జారి మూకుడులో పడి నూనె చిందింది.

నేలిదా తల్లి చెయ్యి చూసింది. నిటారుగా నిలబడి మళ్ళీ అడిగింది. ఈసారి నేనూ అరిచాను, ఏమరిచానో నాకే తెలీదు. అందరూ అరిచారు. జవాబు మాటలు ఎవరికీ రావుగా, ఎవరికి తోచింది వాళ్ళు అరిచారు. దొరసానిదని ఒకామె. దేశమేలే జనరల్‌ది అని చెప్పులు కుట్టే ఆయన. మా అత్తదని అప్పుడు పాట కట్టించుకున్న ఆవిడ, మా కోడలిదని వాళ్ళ అత్త. తోలు కోటు కుర్రాడు మా నాన్నదని అరిచి బిత్తరపోయి చుట్టూ చూశాడు. అరిచిన ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట తడి తగిలింది. ఒకరికి కాలరు, ఒకరికి మీసం, ఒకరికి చెప్పులు చప్‌చప్‌మన్నాయి. నా గౌను అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంది. తలా గరిటెడు నీళ్ళు. ఎవరికీ దగ్గు రాలేదు, గరిటెడు నీళ్ళు ఎవరైనా మోస్తారు. అననియాస్ నాయనమ్మ అందరికంటే గట్టిగా అరిచి, తడిసిన ముసుగు పిండుకుంటూ, తొట్టె ఇంకాస్త ఎడమపక్క కొట్టరా వెధవా, అప్పుడు మోగుతుంది అంది. చాన్నాళ్ళకి వాడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

పాట ఎంతసేపు సాగిందో గానీ కోళ్ళన్నీ మాడిపోయాయి. మాడిన పళ్ళేలు కూడా అమ్ముడుపోయాయి. ఫెర్మీనా వెళ్ళి కూతురి జడ పట్టుకుని పిండింది. ఏమీ రాలేదు. విప్పి చూసింది. ముఖానికి ఆనించుకుంది. పొడిగా ఉన్న జుట్టుని అలా పట్టుకునే చాలాసేపు నిలబడ్డది.

ఆ వారం డాక్టరు మళ్ళీ చెవి ఆనించాడు. ఈసారి ఏం వినపడుతోందని ఫెర్మీనా అడిగింది. ఊపిరి అన్నాడు ఆయన.

తీగలు మళ్ళీ డాబా ఎక్కాయి. ఆ తర్వాత ఒకటే కొళాయి పాటల్లో ఏదీ నేలిదా ఒక్కతే పాడేది కాదు. ప్రతి పాటలో అడిగే ముక్క తనది, అరిచే ముక్క మాది. బట్టలు వేసినవాళ్ళంతా డాబా మీదే ఉండాలి, అరవనివాళ్ళ తీగ విప్పేయాలని ఫెర్మీనా రూలు పెట్టింది. సాయంత్రానికి అందరం కాస్త కాస్త తడిసి దిగేవాళ్ళం. వాళ్ళు మా డాబా మీదే ఒక క్యాసెట్టు చేశారు. దాని చివర టప్ టప్‌మని చినుకుల చప్పుడు వస్తుంది. వాయిద్యం అనుకుంటారు చాలామంది. అవి మా గౌను అంచులు.

వేరే ఊళ్ళ నుంచి పిలుపులొచ్చాయి. ముందు గనుల ఊళ్ళ నుంచి, తర్వాత సరిహద్దు అవతల నుంచి. ఎక్కడికి వెళ్ళినా ఏటి రాయి పాట పాడి, రెండో సగం జనానికే వదిలేసేవాళ్ళట. గనుల ఊళ్ళో ఒక జవాబు, రేవు పట్నంలో ఇంకో జవాబు. ఆ పాటకి సరైన మాటలేవని ఇప్పటికీ కుర్రాళ్ళు నన్నొచ్చి అడుగుతుంటారు. నీకేం తోస్తే అదే అరిచెయ్యి నాయనా అంటాను. ఇప్పుడు మా సందులో ఇంటికో కొళాయి ఉంది. ఫెర్మీనా పోయింది, మంచి ఎండలో, ఫిబ్రవరిలో. అననియాస్ నాయనమ్మా పోయింది. తీగలు ఇంకా ఉన్నాయి.

ఆ పిలుపులందుకుని నేలిదా వెళ్ళిన పొద్దున తుంపరగానే ఉంది. సందు మొదట్లో బస్సు లాంటిది ఒకటి ఆగింది, లోపల తొట్టెలు, గిటారు తీగలు, పెర్సీ కాళ్ళు. తల్లిని కావలించుకుని వదిలింది. నన్ను కావలించుకుంది. జడ తడిమి చూశాను, పొడిగా ఉంది. ఎక్కి, తలుపు వేసుకోబోతూ ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తల బయటికి పెట్టింది. ఆ తర్వాత దాని పాటలు విన్నాను గానీ దాన్ని చూడలేదు.

"నా నల్ల చొక్కా తీగ మీదే ఉండిపోయింది పిన్నీ," అంది. "ఆరితే తీసి దాచు. ఆరకపోతే పాడు. ఒక్కదానివే మాత్రం పాడకు."